పద్నాలుగు వేల అడుగులు

"నావల్ల కావట్లేదండీ. మీరు పదండి, కాస్త ఊపిరి తీసుకుని మెల్లగా వస్తాను," అంటూ లైబ్రేరియన్ భార్య మెట్ల మలుపులో చతికిలబడింది.

లిఫ్టు పనిచేయడం లేదని కాగితం అంటించారు. గుండె డాక్టరమ్మ గది ఏమో రెండో అంతస్తులో ఉంది. లైబ్రేరియన్‌కి ఒళ్లు మండింది.

"బాగుందోయ్ వరస! గుండె జబ్బు నాకైతే ఆయాసం నీకా?"

"అందుకే కదా, ముందు మిమ్మల్ని వెళ్లమంటున్నా," అంది భార్య, నుదురు తుడుచుకుంటూ. "నాకోసం ఆలస్యం చేయకండి."

గుండె మీద చెయ్యి వేసుకుని ఆయన ఒక్కో మెట్టే ఎక్కాడు. నిన్నటి నుంచి ఫోను మూడుసార్లు కుయ్యిమంది. 'మీ గుండె లయ తప్పుతోంది. వెంటనే డాక్టరును కలవండి.' మొదటిసారి తేలిగ్గా కొట్టిపారేశాడు. రెండోసారి గ్లాసుడు మంచినీళ్లు తాగాడు. మూడోసారికి భార్యను తోడు తీసుకుని ఆస్పత్రికి బయల్దేరాడు.

డాక్టరమ్మ ఆయన ఫోను తీసుకుని యాప్‌లో లెక్కలన్నీ పైకీ కిందికీ జరిపి చూసింది.

"రోజుకి పద్నాలుగు వేల అడుగులా?"

"అవునండీ." అంత భయంలోనూ ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "మా నడక గ్రూపులో ఇరవై రోజులుగా నేనే ఫస్టు. మా బావమరిది సెకండొచ్చి కుళ్లుకు చస్తున్నాడు. గ్రూపులో నా పేరే ఎక్స్‌ప్రెస్."

డాక్టరమ్మ ఎక్స్‌ప్రెస్ పొట్టకేసి ఓసారి చూసింది. "ఇన్నేసి అడుగులు వేస్తుంటే ఇదింకా ఇక్కడే ఉందేమిటండీ?"

"మా వంశంలోనే ఉందండీ," అంటూ ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"సరే, అసలు సంగతి వినండి. నిన్న పదకొండింటికి మీ గుండె నిమిషానికి నూట యాభై సార్లు కొట్టుకుంది. అదీ ఒక తీరూ తెన్నూ లేకుండా. ఆ టైములో ఏం చేస్తున్నారు?"

"లైబ్రరీలో... నా కుర్చీలో కూర్చునున్నానండీ."

"కూర్చున్న మనిషికి నూట యాభయ్యా!" డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "ఇదే నిజమైతే మీరు మెట్లెక్కి రావడమే పెద్ద పొరపాటు. ఈ గుండె ఏ మెట్టు మీద ఆగిపోయేదో చెప్పలేం. ముందు పడుకోండి, ఈసీజీ తీద్దాం."

నర్సు తీగలు పట్టుకొచ్చింది. "చేతికి వాచీ, ఉంగరం ఉంటే తీసెయ్యండి."

"ఏమీ లేవమ్మా," అన్నాడు. బల్ల మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. తనకేమైనా అయితే ఆ పిచ్చిది ఒక్కతీ ఎలా బతుకుతుందో అనిపించింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడ గురించి ఆయనకి ఇంత దిగులేయడం ఇదే మొదటిసారి. కన్నీళ్లు చెవుల్లోకి జారాయి.

డాక్టరమ్మ ఈసీజీ కాగితం సాంతం చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. బీపీ కూడా చూసింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"లేవండి, లేవండి. మీరు గుండ్రాయిలా ఉన్నారు. గీతలన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఈ యాప్‌లు చెప్పేవన్నీ నమ్మకూడదండీ. దీనికి లెక్కలు పంపే ఆ వాచీ ఎక్కడ కొన్నారో అక్కడే తిరిగిచ్చెయ్యండి. పొట్ట మాత్రం తగ్గించండి."

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈసీజీ కాగితం గెడ్డం కింద పట్టుకుని అక్కడికక్కడే సెల్ఫీ తీసుకున్నాడు. 'ఎక్స్‌ప్రెస్ గుండె గుండ్రాయి! డాక్టరే చెప్పారు' అని రాసి గ్రూపులో పెట్టేశాడు. నిమిషంలో ఎనిమిది బొటనవేళ్లు లేచాయి. బావమరిది మాత్రం చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఆయనకి ఇంకా హాయిగా ఉంది. ఫోను టేబులు మీద పెట్టి, ఈల వేసుకుంటూ చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు.

ఫోను మళ్లీ కుయ్యిమంది.

డాక్టరమ్మ వంగి చూసింది. "నూట అరవై అంటోంది. ఇప్పుడే, ఈ క్షణంలో!"

గబుక్కున ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. డెబ్బై రెండు. రెండో చెయ్యి కూడా పట్టుకుని తిప్పి చూసింది. అదీ బోడిగానే ఉంది.

"వాచీ ఏదండీ?"

ఆయన తలుపు వైపు చూశాడు. తలుపు అవతల మెట్ల మీద ఎవరివో అడుగులు ఆగి ఆగి పైకి వస్తున్నాయి. ఒకటి, కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ వాచీ ఎవరి చేతికుంది?"

ఇరవై రోజులుగా ఆ అంకెలు తనవేనని పదిమందికీ చెప్పీ చెప్పీ ఆయన తనే నమ్మేశాడు. ఈసీజీ కాగితం చేతిలోంచి జారిపోయింది.

"మా ఆవిడ చేతికండీ," అంటూ ఆయన తలుపు వైపు పరిగెత్తాడు. "ఆ అడుగులన్నీ ఆవిడవే!"