నాలుగు గంటల సిరప్

ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ఈ గదికి టీచరమ్మ ఒక్కతే. ఆయా మానేసి పది రోజులైంది, పక్క గది టీచరు మానేసి వారమైంది. ఈ నెల ఎవరికీ సెలవుల్లేవని గోడకు కాగితం కూడా అంటించారు. పొద్దున ఎనిమిది నుంచీ బాత్రూంకి వెళ్ళడానికైనా సందు దొరకలేదంటే, ఆమె అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

పన్నెండు కొట్టేసరికి, మూలన చాప మీద పడుకున్న మూడేళ్ళ పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

గేటు దగ్గర జ్వరం చూసే మిషన్ కళ్ళుగప్పడం తల్లులకు వెన్నతో పెట్టిన విద్య. బయల్దేరే ముందు ఓ చెంచా సిరప్ పోస్తే నాలుగు గంటలు నుదురు చల్లగా ఉంటుంది. ఆ తర్వాత పాట్లన్నీ టీచర్లవి. అలాంటి తల్లుల్ని ఆమె ఎన్నిసార్లు కడిగేసిందో! ఇవాళ మాత్రం తిట్టడానికి నోరు రాలేదు. ఏడుపు తన్నుకొస్తోంది.

పాపను భుజాన వేసుకుని, ఒక కన్ను పిల్లల మీదే ఉంచి, ఎదురుగా ఉన్న మేడం గది గుమ్మంలో నిలబడింది. మేడంవి ఇలాంటి స్కూళ్ళు మూడున్నాయి. ఇక్కడికి వారానికోసారి వస్తుంది.

"మేడం, పాపకి జ్వరం ఎక్కువైంది. ఒక్క గంట వదిలితే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"నువ్వెళ్తే వీళ్ళందర్నీ ఎవరు చూస్తారమ్మా? వాళ్ళమ్మకి ఫోన్ చేద్దాం."

"వద్దండీ!" టీచరమ్మ పాపను ఇంకా గట్టిగా హత్తుకుంది. "ఆవిడ పని వదిలి కదిలితే ఉద్యోగం ఊడుతుంది. ఆ జీతం తప్ప ఇంకో దిక్కు లేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఫోన్ చెయ్యకండి."

"అమ్మా..." పాప మూలిగింది.

"పాపం, ఎత్తుకున్న వాళ్ళంతా అమ్మే వీళ్ళకి!" మేడం కరిగిపోయింది. వెంటనే కోపం ముంచుకొచ్చింది. "జ్వరంతో ఉన్న బిడ్డ కోసం ఒక్కపూట సెలవివ్వరా? మనుషులేనా వాళ్ళు? ఆ తల్లితో నేను మాట్లాడతా. ఆ పనిచ్చిన వాళ్ళకి కూడా నాలుగు వడ్డిస్తా!"

పాప అడ్మిషన్ కాగితం బయటికి తీసింది. టీచరమ్మ "మేడం, మేడం" అంటూ అడ్డం వచ్చేలోపే నంబరు నొక్కేసింది.

మేడం సొరుగులో, టీచర్లు పొద్దున్నే అప్పజెప్పిన ఫోన్ల మధ్య, టీచరమ్మ ఫోన్ మోగింది.