సాదిక్ వల్ల కాని బండి

“సాదిక్ వల్ల కాలేదా?” మెకానిక్ రంజాన్ బీడీ కింద పడేసి లేచాడు.

“కాలేదు. చూశాడు, తన వల్ల కాదన్నాడు. నువ్వయితేనే చెయ్యగలవట.” శేషాచలం పంతులుగారు సంకల్పం చెప్పినట్టు గడగడా అప్పజెప్పి, చూపు నేలకి దించుకున్నారు.

అద్దంకి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ వ్రతాలకీ ఆయన తిరిగేది ఏడు సీట్ల పాత డీజిల్ బండిలో. వారం నుంచి నల్లటి పొగ కక్కుతోంది, ఎక్కడ ఆపినా వణుకుతోంది, ఎంత తొక్కినా లాగడం లేదు. తెల్లారితే పొన్నూరులో పెళ్లి చేయించాలి.

రంజాన్‌కి ఆ పొగ, ఆ పెళ్లి ఏవీ చెవికెక్కలేదు. సాదిక్ వల్ల కాలేదు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది.

“సరిగ్గా ఏమన్నాడో చెప్పండి పంతులుగారూ.”

“అదే... కాదన్నాడు.”

సాదిక్ పని నేర్చుకుంది ఈ షెడ్డులోనే. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది రంజానే. ఇప్పుడు వాడికి బైపాస్ పక్కన సొంత షెడ్డు, కింద టైల్స్, లోపల కంప్యూటర్, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఏసీ గది. ఊళ్లో కొత్త బండి కొన్నవాడెవడూ రంజాన్ గుమ్మం తొక్కడు. ఎదురుపడినప్పుడు సాదిక్ ‘ఉస్తాద్’ అని సలాం చేస్తే రంజాన్‌కి ఒంటి మీద కారం చల్లినట్టుంటుంది.

పోయిన వేసవిలో ఒకాయన ‘సాదిక్ పంపాడండీ’ అంటూ వచ్చాడు. వాడి ఎంగిలి నాకొద్దని ఆయన్ని బండితో సహా తరిమేశాడు రంజాన్. ఆ పూట ఇంట్లో బియ్యం కూడా లేవు. ఈ రోషాన్ని ఎసట్లో పోసి వండమంటావా అని అడిగింది భార్య అమీర్‌బీ.

ఆ తర్వాత రోజులు మారాయి. సాదిక్ చేతులెత్తేసిన బళ్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. అలాంటి బండి వచ్చిన రోజు రంజాన్ కడుపునిండా తింటాడు.

బానెట్ లేపాడు. మిరప కల్లాల మీద నుంచి లేచిన ఎర్రదుమ్ము ఇంజన్ నిండా పేరుకుంది. తుమ్ముతూనే గాలి గొట్టం విప్పాడు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు అనేదొకటి ఉంటుంది. ఈ బండిలో అది కంటికి కనపడదు. ఇంజన్ వెనక సందులోకి చెయ్యి దూర్చి, వేళ్లతో వెతుక్కోవాలి. తగిలింది. టార్చి వేసి చూస్తే బోల్టుల మీద దుమ్ము పేరుకున్నది పేరుకున్నట్టే ఉంది.

“పానా కూడా పెట్టలేదండీ వీడు. ఎక్కడుందో తెలిస్తేగా పెట్టడానికి. కంప్యూటర్లో దీని జాతకం చూసి పంపించినట్టున్నాడు.”

పంతులుగారు చిన్నగా దగ్గారు.

రంజాన్ వాల్వు ఊడదీసి, దాని సన్నటి రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. లోపలి పిన్ను కాస్త లేచి, మసిలో ఇరుక్కుని, వదిలినా కిందకి దిగలేదు.

“ఇదీ సంగతి. తెరుచుకుంది గానీ మూసుకోవట్లా. ఎప్పుడూ పొగే మింగుతుంటే ఇంజన్ ఏం లాగుద్ది? పీల్చి చూడ్డానికి ఆ కంప్యూటర్‌కి నోరుందా?”

ఇలాంటప్పుడు ఇక్కడ అందరూ చేసేదొకటే. ఆయిల్ డబ్బా రేకు కత్తిరించి అడ్డంపెట్టి దారి మూసేస్తారు. రంజానూ అదే చేసేవాడు. ఇవాళ మాత్రం చెయ్యబుద్ధి కాలేదు. ఎప్పుడైనా సాదిక్ విప్పి చూస్తే రేకుముక్క కనపడకూడదు. వాల్వుని డీజిల్లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో గీకి, మళ్లీ పీల్చి, పిన్ను టక్కున లేచి టక్కున పడేదాకా వదల్లేదు. అన్నం తెచ్చిన అమీర్‌బీ ఎదురుచూసి, ఎదురుచూసి, గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

తీరా బిగించబోతే వాల్వుకీ ఇంజన్‌కీ మధ్య సందు లేకుండా పెట్టే పాత గాస్కెట్ చిరిగి ముక్కలుగా చేతికొచ్చింది. రంజాన్ మొహం మాడిపోయింది. అది అద్దంకిలో దొరికేది కాదు, గుంటూరు పోవాలి. అప్పటిదాకా బండి కదలదు. పెళ్లికి పంతులుగారు ఇంకో బండి చూసుకుంటారు. రంజాన్ వల్ల కూడా కాలేదంటారు.

విషయం చెప్పాడు. పంతులుగారు సంచిలోంచి పంచాంగం తీసి, కాగితాల మధ్య నుంచి ఒక పొట్లం అందించారు.

“ఇదేనేమో చూడు.”

సరిగ్గా అదే. కొత్తది.

“మీ దగ్గరెందుకుందండీ?”

“ఉంటే మంచిదని ఇచ్చారు,” అన్నారాయన సంచిలోకి చూస్తూ.

పంతులు కనపడితే చాలు, ఈ స్పేర్‌పార్టుల కొట్లవాళ్లు ఏదో ఒకటి అంటగడతారు అనుకున్నాడు రంజాన్. ఎక్కువ అడగలేదు. చేతులు బిగింపు మీదకి పరుగెత్తాయి.

స్టార్ట్ చేస్తే బండి వణకలేదు. ట్రయల్ వేద్దామని స్టీరింగ్ తనే పట్టుకుని బైపాస్ వైపు తిప్పాడు. ఇటెందుకని పంతులుగారు అడిగినా వినిపించుకోలేదు. సాదిక్ షెడ్డు ముందు ఆపి, హారన్ కొట్టి, ఎక్సలేటర్ అడుగంటా తొక్కాడు. పిసరంత పొగ లేదు. ఏసీ గదిలోని వాళ్లు అద్దంలోంచి చూశారు. సాదిక్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“ఏరా, నీకసలు వాల్వే దొరకలేదంటగా?”

“దొరకలేదు ఉస్తాద్.” సాదిక్ తల దించుకున్నాడు.

అందరి ముందూ ఒప్పుకున్నాడు. రంజాన్‌కి ఇంకేం కావాలి? నేను దింపుతానని పంతులుగారన్నా వద్దని బండి దిగి, మసి చేతులతోనే కాలరు సర్దుకుని, నలుగురికీ కనపడేలా రోడ్డు మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, సాదిక్ పంతులుగారి బండి కిటికీ దగ్గరికి వంగాడు.

“గాస్కెట్ నేనిచ్చానని చెప్పలేదు కదండీ?”