బండ కింద పాట

“ఆ నాలుగో పాట తీసేయండప్పా. మిగతావన్నీ మీ ఇష్టం,” అన్నాడు బసవరాజ్.

గిటారు తీగ బిగిస్తున్న ఏసుకుమార్ తలెత్తాడు. “ఏమన్నా, అట్లంటావు? ఆల్బమ్ పేరే ‘బండ కింద పాట’. అది తీసేస్తే ఇంకేముంటాది?”

“పేరు మార్చుకో.”

“పెండ్లికొడుకును పంపించేసి పెండ్లి చేసుకోమన్నట్లుండాది,” అని ఆర్గన్ ముందు కూచున్న మహిమ నవ్వింది.

బసవరాజ్ నవ్వలేదు. బేతంచెర్ల దారిలో మూతపడిన తన బండల కోత షెడ్డును ఈ కర్నూలు పిల్లలకు బాడుగ లేకుండా ఇచ్చాడాయన. ఊరికే ఇచ్చే మనిషి కాదు, లెక్క చూసుకునే ఇచ్చాడు. తాళం వేసిన షెడ్డు చుట్టూ మాటలు పుడతాయి. పాటలు మోగే షెడ్డును ఎవరూ అనుమానించరు. పిల్లలకూ ఈ షెడ్డే కావలసి వచ్చింది. అరవై ఏళ్ల కిందట తెల్లదేశాల కుర్రాళ్లు కార్లు పెట్టుకునే కొట్టాల్లో వాయించిన గరగర గిటారు, మత్తులో తేలుతున్నట్టుండే ఆర్గన్, ఆ రంగురంగుల పిచ్చి అంతా తెలుగులో దించాలని వాళ్ల పట్టు. ఈ రాతిగోడల మధ్య ఒక దెబ్బ కొడితే నాలుగు దెబ్బలై తిరిగొచ్చేది.

సరిగ్గా డ్రమ్ములు పెట్టిన చోట, నేలబండల కింద, ఈ షెడ్డులోనే కూలికి పనిచేసిన చంద్ర ఉన్నాడు. బండల దొంతి పైనుంచి జారిన బండ మీద పడి చచ్చిపోయాడు. ఒక పక్క కేసు, పరిహారం, షెడ్డుకు సీలు. ఇంకో పక్క కోత బురద పోసే గుంత. బసవరాజ్ రెండూ తూచి చూసుకున్నాడు. గుంతే చవకగా తేలింది. దాన్ని పూడ్చి పైన నేలబండలు పరిచేశాడు. చూసినవాళ్లు లేరు. ఎక్కువ దుడ్లిస్తారని బెంగళూరుకు పోయినాడని చంద్ర తల్లి ఈరక్కకు చెప్పాడు. ఆమె నమ్మింది.

“మీ పాటతో నాకేం పేచీ లేదప్పా,” గొంతు తగ్గించాడు బసవరాజ్. “చివర్లో ఎవడో గొణుగుతాడే, వాడెవడు?”

“అదా!” ఏసుకుమార్ ముఖం వెలిగింది. “మాకూ తెల్దన్నా. ఒక మద్యాన్నం రికార్డింగు మిషన్ ఆపకుండా అన్నానికి పోయినాం. వచ్చి చూస్తే ఆ గొణుగుడు పడిండాది. బాగుండాదని వెనకనుంచి ముందుకు తిరగేసి పాట తోకకు కట్టినాం. ఆ కాలం బ్యాండ్లు అట్లే చేస్తాండె.”

“షెడ్డులో ఎవురూ లేనప్పుడా?”

“ఎవురుంటారు? తలుపు దగ్గరికేసే పోయినాం గదా.”

బసవరాజ్ డ్రమ్ముల కింది బండల వైపు చూశాడు. అంతలో ఈరక్క టీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. బండల మీద చతికిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంది.

“నాలుగో పాట పెట్టు పాపా,” అంది మహిమతో. “ఆ కడాన గొణుగుతాడే, అచ్చం మా చంద్ర మాదిరే ఉండాది. దాని కోసరమే రోజూ వస్తాండా.”

“పిచ్చి మాటలు, ఈరక్కా. వాడు బెంగళూరులో ఉంటే గొంతు ఈడెట్ల ఉంటాది?” అన్నాడు బసవరాజ్.

“నేనూ అదే అడగల్ల సావుకారూ. ఒక ఫోను లేదు, కబురు లేదు. గొంతు ఈడుండాది, మనిషి యాడుండాడని రేపు పొద్దున పోలీసు టేషన్లోనే అడుగుతా.”

ఆ మాట చాలా మెల్లగా అంది. కానీ షెడ్డు దాన్ని కూడా నాలుగుసార్లు వినిపించింది.

“అంత దూరమెందుకవ్వా?” అన్నాడు ఏసుకుమార్. “తిరగేసింది మళ్లా తిరగేస్తే సరి. ఫ్యాను మోతలో మాకూ మాటలు తెలీలేదు. ఆ మోత తీసేసి వినిపిస్తా, ఎవురో నువ్వే చెబుదువు.”

వద్దు అనే మాట బసవరాజ్ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపి లెక్క వేసుకున్నాడు. వద్దంటే అనుమానం పుడుతుంది. చచ్చినవాడు మాట్లాడడు. ఈ లెక్కలో ఎన్నడూ తప్పు రాదు. అది చంద్ర గొంతు కాదని ఇప్పుడే తేలిపోతే, ముసలిది స్టేషను దారి మరిచిపోతుంది. ఎటు చూసినా లాభమే.

“వినిపించప్పా,” అన్నాడు గట్టిగా. “ఆ పెద్ద స్పీకర్లలో పెట్టు. ఆయమ్మ చెవులారా విననీ.”

ఏసుకుమార్ ల్యాప్‌టాప్ మీద ఏవో నొక్కాడు. ముందు ఉత్త గాలి. తర్వాత ఎవరిదో బరువైన ఊపిరి, గురక, దగ్గు. “ఊఁ... ఊఁ...” అని ఒక మూలుగు.

ఈరక్క ముఖం వాడిపోయింది. “మావాడు కాదు,” అంది. “మావాని గొంతు ఇంత మోటు కాదు.”

“చెప్తే వింటివా?” బసవరాజ్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆల్బమ్‌లో ఆ పాట ఉంటే ఉండనీ అనుకుని, టీ గ్లాసు అందుకున్నాడు కూడా.

మహిమ కిసుక్కున నవ్వింది. “అన్నా, ఇది నీ గురకే! మేం లేనప్పుడు ఈడొచ్చి పండుకుంటాంటివా?”

బసవరాజ్ ల్యాప్‌టాప్ వైపు ఒక్క అంగ వేసేలోగా, నిద్రలో ముద్దముద్దగా ఉన్న ఆయన గొంతే షెడ్డు నిండా మోగింది: “సద్దు చేయొద్దు చంద్రా... బెంగళూరుకు పోయినావని మీయమ్మకు చెప్పినాలే... ఆ బండ కిందనే పండుకోప్పా.”