జైలు మార్కు పొట్లం

గంజాయి పొట్లం ఇప్పుడు కిళ్ళీకొట్లో షాంపూ పాకెట్ల పక్కనే వేలాడుతోంది. దగ్గరుంచుకుంటే నేరం కాదని చట్టం మారింది. మారకముందు చిటికెడు దొరికిందని పోలీసులు పట్టుకెళ్ళిన మా మేనల్లుడు బొంజుబాబు మాత్రం ఇంకా జైల్లోనే ఉన్నాడు.

వాణ్ణి ఏడిపిద్దామని ఓ పొట్లం కొని, చొక్కా జేబులో పెట్టుకుని ములాకత్‌కి వెళ్ళాను. గేటు దగ్గర యంత్రం నన్ను తడిమి, పొట్లం చూసి, "దయచేయండి" అంది.

"ఏట్రా అల్లుడా, అత్తోరింట్లో మర్యాదలు బాగున్నాయేటి?" అన్నాను అద్దం ఇవతల నుంచి.

"పని సేయిత్తన్నారు మావా. పొట్లాలు కడతన్నాను."

"ఏటి పొట్లాలు?"

వాడు నా జేబు వైపు చూశాడు. "ఇయ్యే."

తీసి తిప్పి చూశాను. వెనక జైలు ముద్ర ఉంది. అన్నిటికీ నవ్వేవాణ్ణి, నాకు ఒళ్ళు మండిపోయింది.

"గార్డుబాబూ, నా కాడ గంజాయుంది. నన్నూ లోపలెయ్యి!"

గుమ్మం దగ్గర నిలబడ్డ గార్డు పగలబడి నవ్వాడు. "ఇది నేరం కాదు తాతా!"

"మరి ఈడో?"

"ఆ కేసు పాతది కదా."

"అలాగా! అయితే నేరం కాదన్న మాట ఓపాలి ఇటు తిరిగి, మావోడి మొకం సూసి సెప్పు నాయినా."

గార్డు నవ్వు ఆగిపోయింది. తల మాత్రం ఇటు తిరగలేదు.