నోరీన్ కారు

ఆస్ట్రేలియాలో విల్కానియా ఊరి అవతల ఒంటరి ఇంట్లో ఉండే ఆల్బీ, మూడేళ్ల కిందట చనిపోయిన భార్య నోరీన్ పాత కారును బాగుచేస్తున్నాడు. షెడ్డులో ఇంజిన్ పైభాగం, హెడ్, విప్పి బల్లమీద పెట్టి, వాల్వులను ఒక్కొక్కటిగా చేత్తో నూరుతున్నాడు. చీకటి పడింది. గాలి కూడా కదలడం లేదు.

ఫోన్ మోగింది. పక్క ఫామ్ నుంచి క్లారీ.

"కారు బాగైందని ఒక్క ముక్క చెప్పలేదేంరా? ఇప్పుడే మా గేటు దాటి మీ ఇంటివైపు వెళ్లింది. చెయ్యి ఊపితే ఆగలేదేం!"

ఆల్బీ తల తిప్పి చూశాడు. పిస్టన్లు బయటికి కనిపిస్తూ కారు ఎదురుగానే ఉంది.

"నేను షెడ్డులోనే ఉన్నాన్రా. కారు కూడా."

"తలుపులేసుకో," అన్నాడు క్లారీ.

దూరంగా మట్టిరోడ్డు మీద రెండు దీపాలు మలుపు తిరిగాయి. ఆ ఇంజిన్ చప్పుడు ఆల్బీకి బాగా తెలుసు. ఇంటి తలుపు దాకా వెళ్లాడు గానీ గడియ పెట్టలేదు. మూడేళ్లుగా వెలిగించని వరండా లైటు వేశాడు.