ఫిల్టర్ల తనిఖీ సారు

గాజువాకలో గాలియంత్రం ముక్కుకు తగిలించుకోకుండా ఎవరూ నిద్రపోని కాలం అది. నేను ఆ యంత్రాల ఫిల్టర్లు తనిఖీ చేసే ఉద్యోగిని. నలుగురు కూడితే చాలు, మంచి ఫిల్టరును ఎలా ఎంచుకోవాలో ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

అలాంటి నేను, బజారులో ఒకడు "తమరికి తెలియనిదేముంది సార్" అన్న ఒక్క మాటకు పొంగిపోయి, మల్లెపూల వాసన వచ్చే ఫిల్టర్లు తనిఖీ ముద్రయినా చూడకుండా కొనుక్కొచ్చాను. వారం తిరక్కుండానే మా ఆవిడ పైడితల్లికి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. చల్లటి నీళ్లు తాగావని ఆమెనే తప్పుపట్టాను.

పైడితల్లి ఫిల్టరు ఊడదీసి, కిటికీ వెలుగుకు పట్టింది.

"ఇలా రండి. ఇందులోంచి ఎదురింటి నంబరు కనబడతంది. మరి దుమ్ముకి దారి కనబడదేటి?"

వెంటనే వెళ్లి ముద్ర ఉన్న ఫిల్టరు తెచ్చి, అంచులు బిగించి అమర్చాను. మూడో రోజున ఆమె దగ్గు తగ్గాకే నాకు అన్నం సయించింది. ఇంకెవరూ మోసపోకూడదని, సిగ్గు విడిచి నా తెలివితక్కువతనాన్ని వీధిలో అందరికీ చెప్పాను.

ఇప్పుడు ఫిల్టరు కొన్నవాళ్లంతా మా గుమ్మం ముందు వరసకట్టి, "పైడితల్లమ్మ ఉన్నారేటండీ?" అని అడుగుతున్నారు. ఆమె చూసిపెడుతుంది. నేను టీ అందిస్తాను. నిన్న ఆఫీసుకు తనిఖీకి వచ్చిన కొత్త సరుకు పట్టుకుని, నేనూ ఆ వరసలో నిలబడ్డాను.