గట్టెక్కిన ఒట్టు

"సుమా, ఒక మాట. ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

పంజగుట్ట ఆఫీసు నుంచి భర్త ఫణీంద్ర ఫోను. సునామీ వస్తే ఏ ఊరు ఎంత మునుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే ఉద్యోగం అతనిది.

"అండమాన్ అవతల సముద్రంలో భూకంపం వచ్చింది. మా లెక్క ప్రకారం రెండు గంటల్లో మీ కొత్తరేవుకి అల. సముద్రంలో యంత్రాలు ఖాయం చేసేదాకా సైరన్ మోగించరు. అంతవరకూ గుట్టు."

ఫోను పెట్టేశాడు.

సుమశ్రీ పాపను చంకనేసుకుని వరండాలోకి వచ్చింది. కొత్తరేవులో అమ్మ ఉంది. ఇల్లు ఇసుకలోనే. చెబితే మొగుడి మీద ఒట్టు, చెప్పకపోతే అమ్మ. కింద అమీర్‌పేట వీధిలో కంప్యూటర్ కోచింగ్ వాళ్ళెవరో "జావా, ఒరాకిల్, నలభై రోజుల్లో జాబ్" అని అరుస్తూ కాగితాలు పంచుతున్నారు.

ఇంటి ఓనరు సత్తెమ్మ ఆమె చంకలోంచి పాపను అందుకుంది.

"ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?"

"మా అమ్మ... సముద్రం... చెప్పకూడదండీ, ఆయన మీద ఒట్టు."

"గా ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! మొగని ఒట్టుకు అవ్వను ముంచుతవా?"

సుమ ఫోను అందుకుంది.

"అమ్మా, అల వస్తోంది. అందరూ ఊరి వెనక గట్టెక్కండి!"

అవతల నవ్వు. "మళ్ళీనా! పోయిన నెల అల్లుడుగారు మైకు పట్టుకుని గంటసేపు చెప్పారుగా. కంప్యూటర్లో సముద్రమేంటని ఊరంతా ఒకటే నవ్వు. ఇప్పుడు నీచేత చెప్పిస్తున్నారా?"

"చెప్పించడమా? ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారమ్మా!"

నవ్వు ఆగిపోయింది.

"ఒట్టేయించుకున్నారా? ఓసి నా తల్లో, అయితే నిజమేనే!"

ఫోను ధన్‌మని పడింది.

అల నిజంగానే వచ్చింది. ఒడ్డు ఇళ్ళలో నడుం లోతు నీళ్ళు నింపి పోయింది. ఇళ్ళలో మాత్రం పిల్లి కూడా లేదు. సైరన్ మోగేసరికే ఊరు ఊరంతా గట్టు మీద ఉంది.

సాయంత్రం ఫణీంద్ర చెప్పులు విడుస్తూ, "మీవాళ్ళకి ముందే ఎవరు చెప్పారో!" అన్నాడు.

"ఏమోనండీ. చేపలు చెప్పుంటాయి," అంది సుమ, మొహం తిప్పుకుని.

అతను స్నానానికి వెళ్ళాక, క్యారేజీ తీద్దామని అతని సంచిలో చెయ్యి పెట్టింది. ఒక అచ్చు కాగితం తగిలింది. కొత్తరేవుకి హెచ్చరిక ఏ వరసలో పంపాలో ఉంది అందులో. కలెక్టరు, పోలీసులు, సైరన్.

అన్నిటికంటే పైన, పోయిన నెల తేదీతో, ఫణీంద్ర చేతిరాత: "మొదట సుమకి ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకోవాలి."